గాలిలో సేద్యం

బి.యస్సీ. చదివే రైతుబిడ్డకు విమాన కంపెనీల గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. నిజమే, నేను ఇంతవరకూ విమానం ఎక్కినవాణ్ణి కాను. కానీ మదనపల్లె, రాయచోటి పల్లెల్లో కువైట్‌కు పోయిన మనిషి లేని వీధి ఎక్కడుంది? మన పుంగనూరు కుర్రవాళ్ళు ఎంతమంది బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తూ అక్కడినుండి హైదరాబాదుకో, ఢిల్లీకో పోయివస్తున్నారు? చౌక టిక్కెట్టు అన్నది ఇప్పుడు షావుకార్ల సంగతి మాత్రమే కాదు. ఆ చౌక టిక్కెట్టు అమ్మే చిన్న కంపెనీలు వరుసగా ఎందుకు మూతబడుతున్నాయో ఆలోచించవలసిన అవసరం మనకూ వుంది.

హాసన్ దగ్గర సేద్యం చేసుకున్న మాజీ సైనికాధికారి కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఎయిర్ డెక్కన్ ప్రారంభించాడు. ఒక్క రూపాయికి కూడా టిక్కెట్టు అమ్మాడు. ఆయన కథను ఆధారం చేసుకుని తీసిన "ఆకాశం నీ హద్దురా" చూసి హాస్టల్లో మనమందరం చప్పట్లు కొట్టినవాళ్ళమే. సినిమా గెలుపుతో ముగిసింది. అసలు కథ అక్కడ ముగియలేదు. నష్టాలు భరించలేక 2007లో కింగ్‌ఫిషర్‌కు వాటా అమ్మవలసి వచ్చింది. 2008లో రెండూ కలిసిపోయాయి. 2012 అక్టోబరులో ఆ కింగ్‌ఫిషర్ కూడా నేలమీద కూలబడింది.

తరువాత మన తెలుగువాళ్ళ వంతు. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో ఎయిర్ కోస్టా వచ్చింది. చేతిలో వున్న విమానాలు వేళ్ళమీద లెక్కబెట్టదగినన్ని. 2014లో మాత్రం మరో 50 విమానాలకు ఆర్డరు పెట్టింది! 2017 ఫిబ్రవరి ఆఖరున ఆగిపోయింది. హైదరాబాదు నుండి 2015 జులైలో బయలుదేరిన ట్రూజెట్ ఇంకాస్త నిదానంగా నడిచింది. డెబ్బై సీట్ల ఏటీఆర్ విమానాలతో పెద్ద కంపెనీలు తొంగిచూడని కడప, నాందేడ్, బళ్ళారి వంటి వూళ్ళకు పోయింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైన రోజు ఎగిరిన విమానాల్లో దాని కడప-హైదరాబాదు సర్వీసు ఒకటి. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది.

జనం ఎక్కలేదా అంటే, ఎక్కారు. అయినా మునిగిపోయారు. ఈ చిక్కు ఆర్థికశాస్త్రం పుస్తకం కంటే మదనపల్లె టమోటా మార్కెట్టులో తొందరగా అర్థమవుతుంది. కోసిన టమోటాను ఇంటికి తిరిగి తెచ్చుకుని రేపు అమ్ముదామంటే కుదరదు. వచ్చిన ధరకు ఇచ్చేయాలి, లేదా రోడ్డు పక్కన పారబోయాలి. విమానంలో సీటూ అంతే. రెక్క లేచిన తరువాత ఖాళీ సీటు కుళ్ళిన టమోటాతో సమానం. కనుక పోటీవాడు రెండు వేలకు అమ్మితే వీడు పద్దెనిమిది వందలకు అమ్ముతాడు. ఖర్చు తగ్గించుకుందామంటే అది వాడి చేతిలో లేదు. మన దేశంలో విమాన కంపెనీ ఖర్చులో మూడోవంతుకు పైగా ఇంధనానిదే. దానిమీద జీఎస్టీ లేదు, రాష్ట్రాల వ్యాట్ వుంది. విమానాలు చాలావరకు అద్దెవి, ఆ అద్దె డాలర్లలో కట్టాలి. రాబడి రూపాయల్లో. రూపాయి జారినప్పుడల్లా వీడి బాకీ వీడు కదలకుండానే పెరుగుతుంది. ఎరువు ధర ఒకరు, పంట ధర మరొకరు నిర్ణయిస్తే నడుమ మా నాయన ఏం చేస్తాడో ఈ కంపెనీవాడూ అదే చేస్తాడు: అప్పు.

మరి పెద్దవాళ్ళు ఎలా బ్రతుకుతున్నారు? ఇండిగోకు నాలుగు వందలకు పైగా విమానాలున్నాయి. ఒకటి చెడిపోతే మరొకటి వస్తుంది. నాలుగు విమానాలవాడికి ఒకటి షెడ్డులో పడితే రాబడిలో కాలుభాగం పోయినట్లే, అద్దె మాత్రం నిలవదు. 2023 జులైలో టమోటా కిలో రెండు వందల దరిదాపులకు పోయింది గదా. రెండు నెలలు తిరిగేసరికి కోతకూలీ కూడా గిట్టలేదు. ఆ రెండు నెలలూ తోటలో కాయ వున్నవాడు బాగుపడ్డాడు, అంతకుముందే అప్పులకు తాళలేక తోట పీకేసినవాడు చూస్తూ వుండిపోయాడు. మంచిరోజు వచ్చేదాకా నిలబడగల డబ్బు ఎవరి దగ్గరుందన్నదే ప్రశ్న.

ఇది మన వెనుకబాటుతనం అనుకోనక్కరలేదు. యూరప్‌లోనూ ఇదే తంతు. 2017 అక్టోబరులో బ్రిటన్‌లో మోనార్క్ మూతబడి లక్షమందికి పైగా ప్రయాణీకులు పరాయి దేశాల్లో చిక్కుబడితే ప్రభుత్వమే విమానాలు పంపి తెచ్చుకుంది. అదే నెలలో జర్మనీలో ఎయిర్ బెర్లిన్, 2019లో ఐస్‌లాండ్‌వారి వావ్ ఎయిర్ పోయాయి. ఫ్లైబీ 2020లో ఒకసారి మూతబడి, మళ్ళీ లేచి, 2023లో రెండోసారి మూతబడింది. ఒకే రకం బోయింగులు వందలకొద్దీ నడిపే రయనెయిర్ మాత్రం చల్లగా వుంది.

సర్కారు సాయం చేయలేదా? చేసింది. ఉడాన్‌లో కొన్ని సీట్ల ధరకు హద్దు పెట్టి, ఆ నష్టాన్ని మూడేళ్ళపాటు పూడ్చింది. 2023లో కాగ్ నివేదిక ఏమన్నదో చూడండి: మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మూడేళ్ళు పూర్తిచేసినవి 112. ఆ తరువాత కూడా నడుస్తూ 2023 మార్చి నాటికి మిగిలినవి 54. ఊతకర్ర వున్నన్నాళ్ళే నడక!

ఇక మన గడపలోని సంగతి. కుప్పం దగ్గర విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 2024 తరువాత ఆ మాట మళ్ళీ గట్టిగా వినబడింది. నేను అభివృద్ధికి అడ్డం కాదు. కానీ మూడు గంటలు బస్సులో కూర్చుంటే బెంగుళూరు విమానాశ్రయం వచ్చే ప్రాంతం మనది. 2008-09లో మంజూరైన కడప-బెంగుళూరు రైలు లైను పెండ్లిమర్రి దాకా వచ్చి నిలబడిపోయింది. అది మదనపల్లె మీదుగా రావలసిన లైను. పుంగనూరుకు ఈనాటికీ రైలు లేదు. రన్‌వే వేయడం కష్టం కాదు, దానిమీద పదేళ్ళు దిగే కంపెనీని నిలబెట్టడం కష్టం. ఏ కంపెనీ వస్తుంది, ఎన్ని విమానాలతో వస్తుంది, మూడేళ్ళ సాయం అయిపోయాక నష్టం ఎవరు భరిస్తారు, అది ఎత్తేస్తే ముందే టిక్కెట్టు కొన్నవాడి డబ్బు ఎక్కడ వుంటుంది? ఈ లెక్క కాగితంమీద పెట్టి శాంతిపురం, రామకుప్పం రైతులకు తెలుగులో చదివి వినిపించాలి. అదీ భూమి కాగితాలమీద సంతకాలు తీసుకోకముందే.