హోటల్లో పాడే పిల్ల

మా నర్సీపట్నంలో ఒకమ్మాయికి పాట మీద పేరొస్తోంది. పాడేది జాజ్. శని, ఆదివారాలు బస్సెక్కి విశాఖపట్నం వెళ్లి, ఓ హోటల్లో పియానో పక్కన నిలబడి పాడి వస్తుంది. ఈమధ్య బెంగుళూరు నించి కూడా పిలుస్తున్నారు. సంతోషించాల్సిన వాళ్లంతా అడుగుతున్నది ఒకటే: "హోటల్లోనా?"

ఇది హోటల్ మీద బెంగ కాదు. అదే హోటల్లో మన అబ్బాయికి కౌంటర్లో ఉద్యోగమొస్తే స్వీట్లు పంచుతాం. ఆడపిల్ల, రాత్రిపూట, నలుగురి ముందు, డబ్బు తీసుకుని గొంతు విప్పడమే మింగుడు పడటం లేదు. "మంచి గొంతు, అన్నమయ్య కీర్తనలు పాడుకోవచ్చుగా" అని సలహా. ఆ సలహాలో దేవుడి కంటే పెళ్లిచూపులే ఎక్కువ కనిపిస్తాయి నాకు.

మన చెవులకి ఈ తర్ఫీదు చాలావరకు సినిమా ఇచ్చిందే. డ్రమ్ములు, ట్రంపెట్, సాక్సోఫోన్ అంటే మనకి క్లబ్బు సీనే గుర్తొస్తుంది. హీరోయిన్‌కి సుశీల గొంతు, క్లబ్బులో ఆడే మనిషికి ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు. తల్లి వెంట కోరస్‌లో పాడుతూ పైకొచ్చిన ఈశ్వరిని మన నిర్మాతలు ఆ గదిలోనే పెట్టి తలుపేశారు. అదే ఈశ్వరి తమిళంలో అమ్మవారి పాటలు పాడితే జనం చేతులెత్తి దండం పెట్టారు. గొంతు మారిందా? మారింది వినేవాడి బుద్ధి.

1947లో అమెరికాలో బిల్లీ హాలిడే అనే నల్లజాతి గాయనిని మాదకద్రవ్యాల కేసులో జైలుకి పంపారు. అప్పట్లో న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడాలంటే పోలీసులిచ్చే కార్డు ఉండాల్సి వచ్చేది. జైలు నించి వచ్చాక ఆమెకది ఇవ్వలేదు. 1948లో కార్నెగీ హాల్లో పాడింది, జనం విరగబడి వచ్చారు. కానీ రోజూ అన్నం పెట్టేది క్లబ్బు కదా! 1959లో చనిపోయేదాకా ఆ కార్డు తిరిగి రాలేదు.

అదే 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. అప్పుడు మా నర్సీపట్నమూ ఆ రాష్ట్రంలోదే. అంకితమివ్వడం ఆపాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. కానీ ఆ చట్టం గుడిలో, ఊరేగింపులో ఆడవాళ్ల నాట్యాన్నీ నేరం చేసింది. బతుకుతెరువు ఏమిటో చెప్పలేదు. జావళీలు మాత్రం మర్యాదస్తుల సభల్లోకి దర్జాగా నడిచొచ్చాయి. వాటిని గొంతులో దాచిన కళావంతుల ఆడవాళ్లు గుమ్మం బయటే ఉండిపోయారు. పాట కావాలి, పాడినామె వద్దు. మా ఊరి పెద్దలు ఇవాళ అడిగే "హోటల్లోనా?" ఆ గుమ్మం దగ్గరిదే.

మనమూ తక్కువేం తినలేదు. ఓ మార్చి 8న మా మహిళల సభలో ఆ పిల్ల చేత పాడించాం. షామియానా అతనికిచ్చాం, మైకతనికిచ్చాం, ఫొటో అతనికిచ్చాం. ఆమెకి శాలువా కప్పాం. "అక్కా, బస్ చార్జీలైనా ఇస్తారా?" అని నెమ్మదిగా అడిగింది. "ఉద్యమంలో కూడా డబ్బులేనా అమ్మా!" అంది మాలో ఒకావిడ. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు.

మొన్న బస్టాండులో కలిసింది. శాలువా హోటల్ ఏసీలో పనికొస్తోందిట. మళ్లీ మేం పిలిస్తే ముందు రేటు మాట్లాడుకోమని చెప్పాను. "మీకైతే ఎంత చెప్పాలక్కా?" అంది. హోటల్‌కి ఎంతో మాకూ అంతే చెప్పమన్నాను.