నీటిలెక్క – ఊరినెమ్మది

ఇస్సాకు పనివారు గెరారు లోయలో బావి త్రవ్వగా, అచ్చటి కాపరులు ఆ నీరు తమదని జగడమాడిరి. రెండవ బావికిని జగడమే. మూడవదానికి మాత్రము కలహము లేకపోయెను. దానికి రహెబోతని పేరిడిరి. ఆదికాండమునందలి యీ కథ కర్నూలు, కడప జిల్లాలవారికి పరాయి కథగా తోచదు.

కరవునకును కలహమునకును గల చుట్టరికము మన మెరిగినదే. 1876 మొదలు 1878 వరకు ఈ సీమను మాడ్చిన ధాత కరవులో చెన్నపురి రాజధానియందు పలుచోట్ల ధాన్యపుటంగళ్లు కొల్లపోయెను. వాతావరణపు మార్పు లోకశాంతికి భంగకరమగునా యని ఐక్యరాజ్య సమితి భద్రతామండలి మొదటిసారి చర్చించినది 2007 ఏప్రిలులో.

భూమి వేడెక్కుచున్నది. ఉష్ణము ఒక్క డిగ్రీ పెరిగిన, గాలి నూటికి సుమారు 7 పాళ్ల తేమను అధికముగా మోయగలదు. కావున వాన కొలది దినములలో కుమ్మరించి పోవును. నడుమ దినములు ఎండును. దేశమున నైరృతి ఋతుపవనము తప్పిన 2009లోనే, అక్టోబరునెలలో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలును ముంచెను. ఆ వెల్లువకు ఈ తాపమే కారణమని మేము చెప్పజాలము. రాబోవు దినములు అట్టివని మాత్రము చెప్పవచ్చును.

అయినను వాన తక్కువైనందుననే మనుష్యులు కొట్టుకొందురను మాటను మేమంగీకరింపము. ఒకే యెండ కాసిన రెండూళ్లలో ఒకటి పోట్లాడును, ఒకటి ఓర్చుకొనును. భేదము పంపకములో నున్నది. ఎవని బోరు లోతైన వానిదే నీరని యెంచు ఊరిలో పొరుగువాడే శత్రువగును. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చినది. చట్టము కావలసినదే, గాని అది ప్రతి బావియొద్దను కావలి కాయజాలదు. ఆ దశాబ్దముననే మన రెండు జిల్లాలతో కూడ ఏడు జిల్లాల రైతులు, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, వానను, బావుల నీటిమట్టమును తామే కొలిచి, రబీకి ముందు ఊరివారందరు కూడి యెంత నీరున్నదో లెక్కవేసికొనిరి. పలువురు వరి తగ్గించి తక్కువ నీటి పైరులు వేసిరి. దండన భయము లేదు. తమ చేతులతో కొలిచిన లెక్కను కాదనువారు అరుదు.

కావున మా మనవి యిది: పాఠశాలలో వానకొలత పాత్ర నొకటి నిలుపుదము. విద్యార్థులు దినదినము వానను, నెలకొకసారి తమ యూరి బావి మట్టమును వ్రాసి, అందరును చూచునట్లు గోడపై నుంచవలెను. తలిదండ్రులు ఆ లెక్క చూచి విత్తనములు కొనవలెను.

ఇస్సాకునకు వేరొక తావునకు పోవ వీలుండెను. మనకది లేదు, ఉన్న బావి చుట్టుననే మన రహెబోతును కట్టుకొనవలెను.