గురువులు కలహిస్తే గృహస్థు ఏమి చేయాలి?

ఆరోగ్య సలహా కోసం మన పెద్దలు ఊరి వైద్యుణ్ణి ఆశ్రయించేవారు, లేదా ఇంట్లోని ముసలమ్మను అడిగేవారు. వైద్యునికి రోగి నాడి తెలుసు, ముసలమ్మకు ఇంటిల్లిపాది జీర్ణశక్తి తెలుసు. నేడు ఆ స్థానాన్ని సెల్‌ఫోనులోని వీడియోలు ఆక్రమించాయి. ఆహారం, వ్యాయామం, మనోధైర్యం, ధనార్జన, అన్నిటికీ అందులో గురువులు ఉన్నారు. వారిలో మంచి చెప్పేవారు లేకపోలేదు. అయితే నిన్నటివరకు ఒకే వేదికపై కూర్చున్న గురువులే నేడు లోకం ఎదుట ఒకరినొకరు నిందించుకొంటే, వారిని నమ్మిన గృహస్థు గతి ఏమిటి? పాఠకులు నిదానంగా ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

2023 డిసెంబరులో దేశమంతా ఇట్టి కలహాన్ని చూసింది. సందీప్ మహేశ్వరి, వివేక్ బింద్రా ఇరువురూ హిందీలో వ్యక్తిత్వ వికాస ప్రసంగాలతో కోట్లాది ప్రేక్షకులను సంపాదించుకొన్నవారు. వేల రూపాయలు చెల్లించి ఒక శిక్షణలో చేరి నష్టపోయామని చెప్పిన కొందరు యువకుల మాటలను మహేశ్వరి తన వీడియోలో వినిపించారు. తొలుత ఎవరి పేరూ చెప్పకపోయినా, వివాదం బింద్రాను చుట్టుకొన్నది. ఆయన ఆరోపణలను ఖండించారు. ఆపై వీడియోకు వీడియో, మాటకు మాట. అభిమానులు రెండు సేనలుగా చీలిపోయారు. ఎవరిది న్యాయమో తేల్చడం నా ఉద్దేశం కాదు. డబ్బు పోగొట్టుకొన్నామన్నవారి ప్రశ్న అడగదగినదే. విచారకరమైన విషయం ఏమంటే, నాలుగు రోజులు గడిచేసరికి ఆ యువకుల సంగతి వెనుకబడి, ఎవరు గెలిచారన్నదే ముందుకు వచ్చింది.

మన తెలుగునాట ఆహారం విషయంలోనూ ఇట్టి పక్షాలు ఏర్పడ్డాయి. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె లేని వంటను బోధించారు. వీరమాచనేని రామకృష్ణ గారు కొవ్వు పదార్థాలకు పెద్దపీట వేసే పద్ధతిని ప్రచారం చేయగా, 2018లో దానిపై టీవీలలో వైద్యులతో వాడివేడి చర్చలు జరిగాయి. 2023లో పద్మశ్రీ పొందిన ఖాదర్ వలి గారు సిరిధాన్యాలే శరణ్యమన్నారు. వీరు ముగ్గురూ మిత్రులై విడిపోయినవారు కారు, ఎవరి దారి వారిది. కానీ వారి అనుయాయులు మాత్రం ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఉన్నారు!

నేను నివసించే ఇల్లందులో నాకు తెలిసిన ఒక కుటుంబం ఉన్నది. ఇంటి పెద్దాయనకు మధుమేహం. కుమారుడు నూనె వద్దంటాడు, కోడలు అన్నం మాని కొర్రలు తినమంటుంది, హైదరాబాదు నుండి అల్లుడు కొబ్బరినూనె తాగమని ఫోను చేస్తాడు. ఒక్క సంవత్సరంలో పెద్దాయన ఆహారం మూడుసార్లు మారింది. ఆహారం మారిన ప్రతిసారీ మాత్రలు కూడా తగ్గాయి. ఒకనాడు కళ్ళు తిరిగి పడిపోయాక గాని ఇంటివారు ఆస్పత్రికి తీసుకొని వెళ్ళలేదు. అన్నిటికంటె బాధాకరం ఏమిటంటే, ఆనాడు కూడా తప్పు ఏ గురువుదని వారు వాదులాడుకొన్నారే తప్ప, పెద్దాయన రక్తంలో చక్కెర ఎంత ఉన్నదని మొదట ఒక్కరూ అడగలేదు.

గురువుల కలహం శిష్యుని వంటింటికి చేరితే జరిగేది ఇదే.

ఆయుర్వేదం ఈ విషయంలో మౌనంగా లేదు. వైద్యులు పరస్పరం చర్చించుకోవాలనే చరకసంహిత చెప్పింది. విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో ఆ చర్చను రెండు విధాలుగా విభజించింది. మైత్రితో చేసేది సంధాయ సంభాష, గెలుపు కోసం చేసేది విగృహ్య సంభాష. మొదటిదానిలో నిర్భయంగా అడగవచ్చు, నిర్భయంగా చెప్పవచ్చు; ఓడితే సిగ్గుపడనక్కరలేదు, గెలిస్తే గొప్పలు పోరాదు. రెండవది క్రోధాన్ని రగిలిస్తుంది. క్రోధం పట్టినవాడు అనరాని మాట, చేయరాని పని ఉండదు. సజ్జనుల సభలో కలహాన్ని ప్రాజ్ఞులు మెచ్చరని కూడా ఆ గ్రంథం హెచ్చరించింది.

మైత్రీచర్చ ఎట్లుండాలో సూత్రస్థానం ఇరవై ఆరవ అధ్యాయంలో చూడవచ్చు. చైత్రరథ వనంలో మహర్షులు కూడి రసాలు ఎన్ని అని చర్చించారు. భద్రకాప్యుడు ఒక్కటే అన్నాడు, శాకుంతేయుడు రెండన్నాడు, నిమి ఏడన్నాడు, కాంకాయనుడు లెక్కకు అందవన్నాడు. పునర్వసు ఆత్రేయుడు అందరి మాటా విని, కారణాలు చూపి, ఆరు రసాలని నిర్ణయించాడు. ఏడన్నవానిని ఎవరూ మోసగాడనలేదు. అంతకు ముందరి అధ్యాయంలోని మరో చర్చలో, తన పక్షాన్నే పట్టుకొని వాదించేవాడు గానుగ చుట్టూ తిరిగినట్లు తిరుగుతాడే గాని గమ్యం చేరడని ఆత్రేయుడే హితవు చెప్పాడు. నేటి వీడియో వివాదాలకు ఇంతకంటె తగిన ఉపమానం వేరొకటి కనబడదు. పైగా ఈ గానుగ ఎంత తిరిగితే దాని యజమానికి అంత ఆదాయం. తిరిగి తిరిగి అలసిపోయేది చూసేవాడే.

అలసట అనేది నేను అలంకారానికి అన్న మాట కాదు. మలమూత్రాలు, ఆకలి, నిద్ర వంటి పదమూడు సహజ వేగాలను ఆపరాదని చెప్పిన చరకుడే, క్రోధం, ఈర్ష్య, లోభం, పరుషవాక్కు, చాడీలు, అసత్యం వంటివాటిని తప్పక ఆపుకోవాలని అదే అధ్యాయంలో చెప్పాడు. వీటిని ధారణీయ వేగాలంటారు. రాత్రి పదకొండు గంటల వేళ పడకపై పడుకొని ఇతరుల తగవు చూస్తూ ఆవేశపడేవాడు ఆపుకోవలసినదాన్ని వదిలిపెట్టి, వదలకూడని నిద్రను ఆపుకొంటున్నాడు. అట్టివానికి తెల్లవారి కడుపుమంట, తలనొప్పి వస్తే ఆశ్చర్యమేమున్నది? ధనియాల కషాయం కంటె ముందు ఆ ఫోనును పక్కన పెట్టడం అతనికి మొదటి చికిత్స.

మనుషులు విడిపోయినంత మాత్రాన వారు చెప్పినదంతా చెడిపోదు. అమెరికాలోని బ్యాటిల్ క్రీక్‌లో జాన్ హార్వీ కెల్లాగ్ ఆరోగ్యాశ్రమం నడుపుతుండగా, తమ్ముడు విల్ కీత్ సుమారు పాతికేళ్ళు ఆయన వద్ద పనిచేశాడు. 1894లో అక్కడే ధాన్యపు అటుకుల అల్పాహారం రూపొందింది. 1906లో తమ్ముడు సొంత కంపెనీ పెట్టాడు. ఇంటిపేరు ఎవరిదన్న వ్యాజ్యం 1920లో మిషిగన్ సుప్రీంకోర్టులో తమ్ముని పక్షాన ముగిసింది. అన్నదమ్ముల బంధం మాత్రం తిరిగి అతకలేదు. ఆ అటుకులు మంచివా కావా అన్నది వాటిలోని పీచును, చక్కెరను బట్టి తేలాలి గాని, వారి తగవును బట్టి తేలదు.

మా ఇల్లందు ప్రాంతంలో 1871లో బొగ్గు జాడ కనుగొన్నారు. 1889లో తవ్వకం మొదలైంది. భూగర్భ గనుల్లో పనిచేసిన పెద్దలకు ఒక అలవాటు ఉండేది. కప్పు కింద నిలబడే ముందు కర్రతో తట్టి శబ్దం వినేవారు. గట్టి శబ్దం వస్తే ముందుకు అడుగు, డొల్ల శబ్దం వస్తే వెనుకకు. కప్పు బాగున్నదని ఎవరు చెప్పినా తట్టకుండా నిలబడేవారు కారు. సలహాను కూడా అట్లే తట్టి చూడాలి.

ఎట్లా తట్టాలి? చెప్పేవారు ఆ సలహాతో పాటు ఏదైనా వస్తువునో, శిక్షణనో అమ్ముతున్నారా చూడండి. ఎవరికి పనికిరాదో కూడా చెబుతున్నారా గమనించండి. అందరికీ ఒకే మందనే మాట ప్రకృతిభేదం ఎరిగిన ఆయుర్వేదానికి సరిపడదు. మధుమేహాన్ని, రక్తపోటును నయం చేస్తామని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించిందని గుర్తుంచుకోండి. ఆహారంలో ఒకేసారి ఒక్క మార్పు చేసి, బరువు, రక్తపోటు, చక్కెర అంకెలను ఒక పుస్తకంలో రాసుకోండి. వైద్యునికి చెప్పకుండా మాత్ర మానకండి, తగ్గించకండి.

గురువులు కలహించిన రోజున మీ పుస్తకంలోని అంకెలు మారవు. ఎవరి పక్షం చేరాలన్న ప్రశ్న వస్తే, ఇంట్లోని రోగి పక్షాన చేరండి. గృహస్థుకు అంతకు మించిన పక్షం లేదు.