నవలలో అప్రస్తుత ప్రసంగం

నవలలో కథకుడు కథను నిలిపి తన మాట చెప్పడం దోషమనే వాదం మన విమర్శకులలో గట్టిగా పాతుకొని వున్నది. పాత్రలు మాట్లాడాలి, సంఘటనలు నడవాలి, రచయిత తెరవెనుకనే వుండాలి. ఇది వారి సూత్రం. ఫ్లాబేరు వంటివారు తమ రచనలకు విధించుకొన్న నియమాన్ని సమస్త నవలా ప్రపంచానికీ ధర్మశాస్త్రంగా చేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆ కొలతతో కొలిస్తే భారతీయ నవలలలో అగ్రశ్రేణికి చెందిన ఒకటి దోషాల పుట్టగా తేలుతుంది.

అది ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి (1843-1918) రచించిన 'ఛ మాణ ఆఠ గుంఠ'. 1897లో 'ఉత్కళ సాహిత్య' పత్రికలో ధారావాహికంగా ప్రారంభమై, 1902లో పుస్తకరూపం దాల్చింది. కథ స్వల్పం. రామచంద్ర మంగరాజ్ అనే జమీందారు, భగియా, సారియా అనే నేత దంపతుల ఆరు మాణాల ఎనిమిది గుంఠల పొలాన్ని అపహరిస్తాడు. వారు నాశనమవుతారు, తుదకు తానూ నాశనమవుతాడు. ఇంతే చెప్పదలిస్తే పది పుటలు చాలును.

కాని కథకుడు అడుగడుగునా ఆగుతాడు. మంగరాజ్ ఏకాదశీ ఉపవాసాలను భక్తితో వర్ణిస్తాడు. ఆ రాత్రి పడకగదిలోకి పాలూ పళ్లూ చేరుతవన్న వదంతిని పండితుడి తర్కంతో ఖండిస్తాడు. ఖండించిన కొద్దీ మన అనుమానం బలపడుతుంది! ఊరి చెరువును వర్ణిస్తూ, పొద్దంతా బురద కెలికినా కొంగలకు చిరుచేపలే దక్కుతవనీ, ఎక్కడినుండో వచ్చిన లకుముకి పిట్టలు క్షణంలో కడుపు నింపుకొని పోతవనీ చెప్పి, ఆ పిట్టలను ఆంగ్లేయులతో పోలుస్తాడు. సొంత ముత్తాత పేరెరుగని బాబులు ఇంగ్లండు రాజుల వంశావళిని వల్లించడాన్ని ఎత్తిపొడుస్తాడు.

ఇవి కథకు అడ్డమా? చెరువు ప్రసంగాన్ని తీసివేసి చూడండి. మంగరాజ్ ఒక్కడే దుర్మార్గుడవుతాడు. అతడు పతనం కాగానే పాఠకుడు తృప్తిగా పుస్తకం మూస్తాడు. ఆ ప్రసంగం వున్నందువల్లనే, చివర అతని ఆస్తి ప్లీడరు రామరామ లాలా చేజిక్కినప్పుడు, పోయినది ఒక దొంగ మాత్రమేననీ, దోపిడీ అలాగే వున్నదనీ మనకు స్ఫురిస్తుంది. రచయిత విశ్వాసం ఇక్కడ కథలోని మూల సూత్రమే.

అభిప్రాయాలే చెప్పదలిస్తే వ్యాసం వ్రాయవచ్చును గదా అంటారు. వ్యాసం పాఠకుణ్ణి న్యాయాధిపతి పీఠంపై కూర్చోబెడుతుంది. ఈ కథకుడైతే పండితుడి గొంతుతో, వకీలు గొంతుతో, ఊరి రచ్చబండ గొంతుతో మాట్లాడి, మనం రోజూ తలలూపే మాటలకే మనను సాక్షులుగా నిలబెడతాడు.

మరికొందరి పొరపాటు దీనికి భిన్నం. వారు కథకుడి వాక్యాలను ఏరి, ఇవే రచయిత సిద్ధాంతాలని జాబితా వ్రాస్తారు. మంగరాజ్‌ను ధర్మాత్ముడన్న వాక్యం కూడా ఆ జాబితాకు ఎక్కాలి మరి! కథకుడి విశ్వాసాన్ని అతడు పలికిన మాటలో మాత్రమే వెదకరాదు. కథను ఎక్కడ ఆపినాడో, ఎవరిని పొగిడి మనను నవ్వించినాడో, ఎవరి ఎదుట ఆ నవ్వును మానుకొన్నాడో అక్కడ వెదకాలి. మంగరాజ్ భార్య మరణాన్ని చెప్పేటప్పుడు ఆ వెటకారపు గొంతు మెత్తబడుతుంది. అతని అసలు పక్షం అక్కడ బయటపడుతుంది.

నీరసమైన ఉపన్యాసాలతో కథను ముంచే నవలలు లేవనడం లేదు. కాని కథ ఆగినదా అన్నది పరీక్ష కాదు. తిరిగి సాగినప్పుడు అది మునుపటి కథగానే వున్నదా, మన చూపు మారినదా అన్నదే పరీక్ష. చూపు మార్చిన ప్రసంగాన్ని అప్రస్తుతమనే అధికారం ఏ విమర్శకుడికీ లేదు.