బెల్లం పొయ్యికి వంటచెరకు ఏది?

చలి ముదిరి చెరకు నరుకుడు ఊపందుకునే వేళకు మన అనకాపల్లి జిల్లాలో మునగపాక, కశింకోట, చోడవరం వైపు ఎటు చూసినా గానుగల పొగే. ఆ పొగ రంగు చూసి ఏ పొయ్యిలో ఏం మండుతోందో చెప్పేయొచ్చు. తెల్లగా, దట్టంగా లేచిందా, పచ్చి పిప్పి వేస్తున్నారు. పలచగా, ఉందా లేదా అన్నట్టుంటే పిప్పి బాగా ఎండింది, పొయ్యి కూడా మంచిదే. నల్లగా, ముక్కు మండేలా వచ్చిందా, అక్కడ టైరు ముక్కలు పడ్డాయన్నమాట. బెల్లం ధర గురించి, కూలి రేట్ల గురించి రైతులు నలుగురు చేరితే మాట్లాడుకుంటారు గాని, పొయ్యిలో ఏం వేస్తున్నామన్న లెక్క వేసేవాళ్ళు తక్కువ. ఆ లెక్కలోనే డబ్బు పోతోంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బెల్లం కాచుకునే చిన్నరైతు కట్టెలు కొనకూడదు. కొనవలసి వస్తోందంటే లోపం చెరకులో లేదు, పొయ్యిలో ఉంది, లేదా పిప్పి ఆరబెట్టే చోట ఉంది.

ఎలాగంటారా? టన్ను చెరకు ఆడితే మంచి గానుగలో 600 కిలోల దాకా రసం వస్తుంది. మిగతా 400 కిలోలు పిప్పి. ఆ రసం నుంచి 100 కిలోల బెల్లం దిగాలంటే దగ్గర దగ్గర 500 కిలోల నీళ్ళు ఆవిరై పోవాలి. కిలో నీళ్ళు ఆవిరి కావడానికి 540 కిలో కేలరీల వేడి కావాలి. రసాన్ని ముందు మరిగే దాకా కాయడానికి మరికొంత. మొత్తం మీద 3 లక్షల కిలో కేలరీల పైచిలుకు. ఇక పిప్పి సంగతి. 400 కిలోల పచ్చి పిప్పిలో సగం పైగా తేమే. బాగా ఎండితే 200 కిలోల పైచిలుకు మిగులుతుంది. అది పూర్తిగా మండితే ఇచ్చే వేడి 7 నుంచి 8 లక్షల కిలో కేలరీలు. అంటే అందులో నూటికి 40 పాళ్ళు పెనానికి చేరితే చాలు, కట్టె ముక్క కూడా అక్కర్లేదు. పాత ఒంటి పెనం పొయ్యిలో అంత చేరదు. సగానికి పైగా వేడి గొట్టంలోంచి పైకి పోతుంది, కొంత గోడలు తాగేస్తాయి. ఆ లోటు పూడ్చడానికే మనం సరుగుడు కట్టెలకు, తుమ్మ మొద్దులకు పరుగెడుతున్నాం.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. పచ్చి పిప్పి కిలోకు ఇచ్చే వేడి 1,800 కిలో కేలరీలైతే ఎండు పిప్పి కిలోకు దానికి రెండింతలు. కాని ఎండితే బరువు సగానికి పడిపోతుంది కదా, ఇంక లాభమేమిటి అని ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు. ప్రశ్న సరైనదే. బరువు లెక్కలో చూస్తే పెద్ద తేడా ఉండదు. తేడా మంటలో ఉంది. పచ్చి పిప్పి వేసినప్పుడు ముందు దాని నీళ్ళు ఆవిరి కావాలి. ఆలోగా పొయ్యి చల్లబడుతుంది, పిప్పి సగం మండి సగం పొగై పోతుంది. మనకు కనబడే ఆ తెల్లటి పొగలో ఆవిరి ఉంది, మండకుండా పోయిన మన పిప్పీ ఉంది. మంట చల్లబడితే వంట ఆలస్యం, ఆలస్యమైతే పాకం నల్లబడడం. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

రసం త్వరగా మరిగి త్వరగా దిగితేనే బెల్లానికి రంగూ, గట్టిదనమూ. నీరసపు మంట మీద గంటల తరబడి నానితే పంచదార విరిగిపోయి బెల్లం మెత్తబడుతుంది, రంగు మాడుతుంది. రంగు తగ్గితే మార్కెట్లో ధర తగ్గుతుందని హైడ్రోసు డబ్బా తీస్తారు. బెల్లంలో సల్ఫర్ డయాక్సైడు కిలోకు 70 మిల్లీగ్రాములు మించకూడదని ఆహార భద్రతా ప్రమాణాలు చెబుతున్నాయి. గుప్పెడు లెక్కన చల్లితే ఆ హద్దు ఎక్కడ ఆగుతుంది? రంగుకోసం వేసే మందుకు మూలం చాలాసార్లు తడి పిప్పే అంటే నమ్మరు గాని, నిజం. మడ్డి తీయడానికి సున్నపు తేట, బెండ మొక్కల జిగురు వాడి, చురుకైన మంట పెట్టినవాళ్ళకు ఆ మందుతో పని పడదు.

పిప్పి ఎండబెట్టడం పెద్ద విద్య కాదు. కాని మన దగ్గర గానుగ పక్కనే గుట్ట పోసి వదిలేస్తున్నారు. పైన బెత్తెడు ఎండుతుంది, లోపల పులిసి వేడెక్కుతుంది. పలచగా పరిచి రోజుకొకసారి తిరగేస్తే మంచి ఎండలో నాలుగైదు రోజులకు పెళపెళలాడుతుంది. చోటు చాలదంటే మళ్ళీ నాటని మడి చెక్కలో పరుచుకోండి. సీజను చివర మిగిలిన పిప్పిని తాటాకు పాక కిందో, టార్పాలిను కిందో దాచుకుంటే మరుసటి ఏడు మొదటి నాలుగు వంటలకు అదే ఆధారం. మన తీరానికి తుఫానులు నవంబరు, డిసెంబరుల్లో వస్తాయని వేరే చెప్పాలా! వాన పడ్డ వారంలో పిప్పి లేక నరికిన చెరకు కట్టలు అలాగే పడుండడం మీరు చూసే ఉంటారు. నరికిన చెరకు 24 గంటలలోపు ఆడించాలి. పొయ్యి కోసం చెరకు ఆగదు. అన్నట్టు పిప్పి వామి పొయ్యికి గాలివాటులో లేకుండా చూసుకోండి, ఒక్క నిప్పురవ్వ చాలు.

కట్టెల మాటకొస్తే సరుగుడు, సర్కారు తుమ్మ మంచి కట్టెలే. వేడి బాగా ఇస్తాయి. ఐతే పిప్పి బొత్తిగా లేకుండా కట్టెలతోనే కాస్తే 100 కిలోల బెల్లానికి పావు టన్ను పైనే కట్టెలు కావాలి. ఖర్చు ఒకటే కాదు, మరో ఇబ్బంది ఉంది. పాకం పదునుకు వచ్చే చివరి పది నిమిషాలే బెల్లం వంటలో కీలకం. వేడి 118 డిగ్రీల దగ్గరకొచ్చి, చన్నీళ్ళలో వేస్తే ఉండ కట్టే వేళ మంట చేతిలో ఉండాలి. పిప్పి వేయడం ఆపితే మంట నిమిషాల్లో తగ్గిపోతుంది. కట్టెల నిప్పులు తగ్గవు. కింద ఎర్రగా కణకణలాడుతూనే ఉంటాయి. పెనం దించడం ఒక్క క్షణం ఆలస్యమైతే అడుగంటుతుంది. కట్టెలు తప్పనిసరైతే వంట మొదట్లో వాడుకుని, చివర పిప్పికి మారండి.

వరి ఊక చవకే, కాని కొండలా బూడిద వస్తుంది, జాలీ లేని పొయ్యిలో సరిగా మండదు. కొబ్బరి డొక్కలు, తాటి మట్టలు దొరికినవాళ్ళకు దొరికినంత. నూనె తీయని జీడిపిక్కల తొక్కు జోలికి మాత్రం వెళ్ళొద్దు, ఆ పొగ కళ్ళను, చర్మాన్ని మండించేస్తుంది.

గ్యాసు పెడితే శుభ్రం కదా అని కుర్రాళ్ళు అడుగుతున్నారు. గ్యాసు వేడిలో సగం పెనానికి చేరినా 100 కిలోల బెల్లానికి 57 కిలోల గ్యాసు కావాలి. అంటే 19 కిలోల పెద్ద సిలిండర్లు మూడు. వాటి ధరా, మీ చేతికొచ్చే బెల్లం ధరా పక్కపక్కన వేసుకుని మీరే చూసుకోండి. ఇంటి మటుకు, పండక్కి ఇరవై లీటర్ల రసం కాచుకుంటామంటే సరే. రెండు కిలోల గ్యాసుతో మూడు, మూడున్నర కిలోల బెల్లం వస్తుంది. ఐనా వంటగదిలో కాదు, పెరట్లో. పదిహేడు లీటర్ల నీళ్ళు ఆవిరై ఇంటి గోడలకే పట్టాలి మరి.

ఇక టైర్లు. ఎందుకు వేస్తారో నాకు తెలుసు. కిలో టైరు ఎండు పిప్పికి రెండింతల వేడి ఇస్తుంది, పాతసామాన్ల కొట్లో చవగ్గా దొరుకుతుంది. కాని టైరులో ఉన్నది రబ్బరు ఒక్కటే కాదు. గంధకం, జింకు, మసి, ఉక్కు తీగలు అన్నీ ఉన్నాయి. పెనం మూత లేనిది. పొయ్యి గోడ పగుళ్ళలోంచి వచ్చే మసి ఎక్కడ పడుతుంది? పాకంలోనే. దాన్ని పసిపిల్లల నోట్లో పెడతారు, గుడిలో నైవేద్యం పెడతారు. అందరికంటే ముందు ఆ పొగ పీల్చేది రోజంతా పొయ్యి నోటి దగ్గర కూర్చుని మంట వేసే కూలీ. ఆ బూడిద చేలో వేయడానికి కూడా పనికిరాదు. పిప్పి బూడిదైతే ఎంతో కొంత పొటాష్ ఇస్తుంది. టైర్లు వేసే గానుగకు చెరకు తోలనని రైతు మొహమాటం లేకుండా చెప్పాలి. చెరకు లేనిదే గానుగ ఎలా తిరుగుతుంది?

చెరకు ఆకు సంగతి కూడా చెప్పాలి. పిప్పి చాలనప్పుడు ఎండాకు అంతా పొయ్యిలోకి తోసేస్తున్నారు. కొంత వేయండి, తప్పు లేదు. కాని తోటలో ఎకరాకు టన్నుంపావు చెత్త కప్పితే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. వర్షాధారపు తోటకు, కార్సి తోటకు అది పొయ్యిలో కంటే చేలోనే ఎక్కువ విలువ.

పొయ్యి మార్చుకోవడం ఒక్కడి వల్ల కాదు. ఐతే మూడు పనులు ఖర్చు తక్కువవి. కింద ఇనప కడ్డీల జాలీ వేసి గాలి అడుగునుంచి వచ్చేలా చూడడం, గోడ పగుళ్ళు మెత్తడం, గొట్టం వైపు పోయే వేడి మీద రెండో పెనం పెట్టి తర్వాతి వంట రసాన్ని కాచుకోవడం. ఈ రెండో పెనం పద్ధతి కొత్తదేమీ కాదు. లక్నోలోని భారత చెరకు పరిశోధన సంస్థ మూడు పెనాల పొయ్యి దాకా తయారు చేసింది. మన ఊళ్ళోనే 1913 నుంచి చెరకు పరిశోధన స్థానం ఉంది, వెళ్ళి అడిగితే బెల్లం పొయ్యిల గురించి చెప్పేవాళ్ళున్నారు. నలుగురు రైతులు కలిసి గానుగ యజమానితో మాట్లాడి, చేయించే ఖర్చులో పాలు పంచుకుంటే ఒక సీజనులో కట్టెల డబ్బుతోనే అది తిరిగి వస్తుందని నా అంచనా.

అద్దె గానుగకు చెరకు తోలే ఎకరం, అరెకరం రైతుకు ఇంకో మాట. అద్దె ఎంతో మాట్లాడుకుంటారు, కూలి మాట్లాడుకుంటారు, పిప్పి ఎవరిదో మాట్లాడుకోరు. వంట అయ్యాక మిగిలిన పిప్పి గానుగవాడి కళ్ళంలోనే ఉండిపోతుంది, కట్టెల డబ్బు మాత్రం రైతు లెక్కలో పడుతుంది. ఇదెక్కడి న్యాయం? నరుకుడు మొదలుపెట్టక ముందే నలుగురి ఎదుట తేల్చుకోండి: కట్టెలు కొంటే ఎవరు కొనాలి, మిగిలిన పిప్పి ఎవరిది, నా చెరకు వంటకు ఎండు పిప్పి ఉందా లేదా. లేదంటే రెండు రోజులు ఆగి నరకండి. చెరకు నిలబడి ఉన్నంతసేపు మీ మాట చెల్లుతుంది, నరికి బండికెత్తాక చెల్లదు.