నాచు కషాయం, వెండి ధారణ

వెండి ధారణ బిగిసినప్పుడల్లా దాని వెనుక ఒక కథ పుడుతుంది. 2025 అక్టోబరులో అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు వెండి, 1980 జనవరిలో అందుకోబోయి ఆగిపోయిన 50 డాలర్ల గడపను దాటింది. ఆ దరిమిలా సికింద్రాబాద్ పాట్ మార్కెట్, జనరల్ బజారు వర్తకుల చెవిన పడుతున్న కథల్లో ‘నానో వెండి’ ఒకటి. సముద్రపు నాచు కషాయంతో వెండిని సూక్ష్మరేణువులుగా మార్చవచ్చునని, ఆ రేణువులు బాక్టీరియాను చంపుతాయని, ఆసుపత్రులవారు, బట్టల మిల్లులవారు ఎగబడి కొంటారని, కనుక కడ్డీలు ఇప్పుడే అమ్మవద్దని దాని సారాంశం. మొదటి రెండు మాటలు నిజమే. మూడవది కొంతవరకే నిజం. నాలుగవదానికి పై మూడింటితో సంబంధమే లేదు.

పని జరిగే తీరు కష్టమైనదేమీ కాదు. ఎండిన నాచును పొడి చేసి నీటిలో మరిగించి వడగడతారు. ఆ కషాయాన్ని వెండి నైట్రేటు ద్రావణంలో కలిపితే, నాచులోని పిండిపదార్థాలు, మాంసకృత్తులు కరిగివున్న వెండిని తిరిగి లోహంగా మార్చి, రేణువులు ముద్ద కట్టకుండా చుట్టూ పొరగా నిలుస్తాయి. రంగులేని నీరు గోధుమ వన్నెకు తిరగడమే గుర్తు. రసాయన పద్ధతిలో సోడియం బోరోహైడ్రైడ్ వంటి ఘాటు పదార్థాలు చేసే పనిని ఇక్కడ నాచు చేస్తుంది. తమిళనాడు శాస్త్రజ్ఞులు సర్గాసమ్ అనే గోధుమరంగు నాచుతో 2007లో బంగారాన్ని, 2009లో వెండిని ఇలా రేణువులుగా మార్చి చూపారు. మన తార్నాకలోని ఐ.ఐ.సి.టి., అంటే పాతవారి నోట ఇంకా ఆర్.ఆర్.ఎల్., 2014లో ఓలాక్స్ అనే మొక్క ఆకుతో ఇటువంటి వెండినే చేసింది. శాస్త్రం మీద పేచీ లేదు. పేచీ అంతా తూకం దగ్గరే.

సాధారణంగా ఈ ప్రయోగాల్లో వాడే ద్రావణంలో లీటరుకు 170 మిల్లీగ్రాముల వెండి నైట్రేటు ఉంటుంది. అందులో అసలు వెండి 108 మిల్లీగ్రాములు. అనగా కిలో వెండి కరిగిస్తే తొమ్మిది వేల లీటర్లకు పైగా ద్రావణం తయారవుతుంది. ఎం.సి.ఎక్స్.లో ఒక్క లాటు 30 కిలోలు. ఆ ఒక్క లాటుతో రెండు లక్షల డెబ్బై వేల లీటర్లు! ఏ ఆసుపత్రి, ఏ మిల్లు ఇంత కషాయాన్ని ఎక్కడ పోసుకుంటుంది?

2024లో ప్రపంచం మొత్తం వినియోగించిన వెండి సుమారు 116 కోట్ల ఔన్సులు, అంటే 36 వేల టన్నులు. ఇందులో పరిశ్రమల వాటా 68 కోట్ల ఔన్సులు. ఒక్క సోలార్ పలకలే 19 కోట్లకు పైగా మింగాయి. నానో వెండికి ఉదారంగా ఏడాదికి వంద టన్నులు రాసి ఇచ్చినా మొత్తంలో నూటికి పావలా పైచిలుకు మాత్రమే. ధారణను కదిపేది సోలారు కంపెనీల కొనుగోళ్ళు, డాలరు, వడ్డీ రేట్లు. నాచు కాదు.

పరిశ్రమల గిరాకీని నమ్ముకుని నిల్వ పట్టేవారు ఫొటో ఫిల్మును కూడా గుర్తు చేసుకోవడం మంచిది. 1999లో ఫొటో రంగం 20 కోట్ల ఔన్సులకు పైగా వెండి తీసుకునేది. 2024 నాటికి అది రెండున్నర కోట్లకు దిగింది.

నానో వెండి వ్యాపారం అసలే లేదని కాదు. నగర శివారు బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. సంస్థ నానో వెండి పూత వేసిన నీటి ఫిల్టరు క్యాండిలును రూపొందించి, ఆ పరిజ్ఞానాన్ని హైదరాబాద్ కంపెనీకి ఇచ్చింది. టాటావారు 2009 డిసెంబరులో వరిపొట్టు బూడిదకు వెండి రేణువులు అద్దిన ‘స్వచ్ఛ్’ ఫిల్టరును వెయ్యి రూపాయల లోపు ధరకు విడుదల చేశారు. అంత చవకగా రావడానికి కారణం అందులో వెండి అత్యల్పంగా ఉండటమే. రేణువు చిన్నదయ్యేకొద్దీ అదే తూకానికి ఉపరితలం పెరుగుతుంది, తక్కువ లోహంతో పని జరుగుతుంది. వెండిని పొదుపు చేయడానికి పుట్టిన విద్యను వెండి గిరాకీకి ఆధారంగా చూపడం విడ్డూరం. (వెండి నీళ్ళు తాగితే సర్వరోగాలు పోతాయనే ప్రచారం వేరే సంగతి. దానికి ఆధారం లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లోనే తేల్చింది. ఎక్కువగా తాగినవారి చర్మం నీలం తిరుగుతుంది.)

ఇక నాచు సరుకు. పైన చెప్పిన కిలో వెండికి మామూలు పాళ్ళలో సుమారు క్వింటాలు ఎండు నాచు పడుతుంది. కనుక ఈ విద్యలో ఎవరికైనా గిరాకీ పెరిగితే అది నాచు అమ్మేవారికే. కాని నాచుకు అంతకన్నా పెద్ద కొనుగోలుదారులు ముందే ఉన్నారు: మదురై ప్రాంతపు అగర్ తయారీదారులు, ఆల్జినేటు, క్యారజీనన్, ద్రవ ఎరువుల కంపెనీలు. 2020లో కేంద్రం మత్స్య సంపద పథకంలో నాచుకు 640 కోట్లు కేటాయించింది కూడా ఈ మార్కెట్లను చూసే. విశాఖ రాళ్ళ మీద సర్గాసమ్ పెరుగుతుంది గాని, రామనాథపురం తీరంలో వలె నాచు కొని అమ్మే అలవాటు మన తీరానికి ఇంకా రాలేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు గ్రేడు. మిర్చికి రకం ఉన్నది, పసుపుకు కొమ్ము, గోళా ఉన్నవి. నాచులోని సారం జాతిని బట్టి, కోసిన నెలను బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి మారిపోతుంది. ఒక బస్తా కషాయం ఇచ్చిన రేణువు పరిమాణం రెండవ బస్తా ఇవ్వకపోవచ్చును. ‘నానోకు పనికివచ్చే నాచు’ అని చెప్పి అడ్వాన్సు అడిగే దళారి వద్ద ఏ జాతి, ఏ తీరం, ఏ నెల కోత అన్న వివరం, తేమ శాతం చూపే ల్యాబు కాగితం లేకపోతే, ఆ సరుకును ఎరువు ధరకు మించి కొనవలసిన పని లేదు.