అప్పు చేసి జరిపే నికాహ్‌లో బరకత్ ఎక్కడిది?

నికాహ్‌కు కావలసినవి ఎన్నో కావు. వధూవరుల అంగీకారం, సాక్షులు, వధువుకు మహర్. ఖుత్బా చదివితే సున్నత్ నెరవేరుతుంది. ఈ జాబితాలో ఫంక్షన్ హాలు లేదు, మోటారు సైకిలు లేదు, పెళ్లికూతురి తండ్రి పెట్టవలసిన బిర్యానీ విందు అసలే లేదు. లేనివాటినన్నిటినీ మనమే చేర్చుకున్నాం. చేర్చుకున్నవాటి కోసమే ఇళ్లు తాకట్టు పెడుతున్నాం.

మందమర్రిలోగానీ, గోదావరిఖనిలోగానీ సంబంధం మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న ఒక్కటే: అబ్బాయి పర్మినెంటా, కాంట్రాక్టా? పర్మినెంటు అయితే జోడా పైసల లెక్క మారిపోతుంది. ఆ నౌకరీ ఎక్కడిదో ఒకసారి ఆలోచించండి. తండ్రి బొగ్గు బాయిలో ఆరోగ్యం పోగొట్టుకొని మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకుకు దక్కిన కారుణ్య నియామకం అది. ఒక కార్మికుడి ఊపిరి ఖరీదుతో వచ్చిన ఉద్యోగానికి మరో కార్మికుడి వద్ద వెల వసూలు చేయడం ఏ దీన్‌లో ఉంది?

“మాకేమీ వద్దు, మీ బిడ్డకు మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం” అనే మాట ఇంకా ప్రమాదకరమైనది. అడిగితే కాదనవచ్చు. అడగకుండా ఆశించేవారికి జవాబు చెప్పలేక ఆడపిల్ల తండ్రి వడ్డీకి పరుగెత్తుతాడు. వడ్డీ హరామ్ అని జుమా ప్రసంగంలో విన్నవాళ్లమే, ఆ వడ్డీ డబ్బుతో వండిన విందులో బంతిన కూర్చుంటున్నాం. మేమూ కూర్చున్నాం. ఆ తప్పు ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాసే అర్హత మాకు లేదు.

2014 అక్టోబరు 2న తెలంగాణ ప్రభుత్వం షాదీ ముబారక్ ప్రారంభించింది. తొలుత 51,000 రూపాయలు ఇచ్చిన పథకం తరువాత 1,00,116 రూపాయలకు పెరిగింది. అది మన హక్కు, ఆలస్యమైతే నిలదీయవలసిందే. కానీ చెక్కు వస్తుందన్న ధీమాతో కోరికల జాబితా పెంచే వరుడి పెద్దలను ఎవరు నిలదీయాలి? పేద తల్లి ఖాతాలో పడిన సొమ్ము వడ్డీ వ్యాపారికి చేరితే ప్రభుత్వం సాయం చేసింది ఎవరికి?

అన్‌నిసా సూరా 4వ ఆయత్ స్త్రీలకు వారి మహర్‌ను మనస్ఫూర్తిగా ఇవ్వమని ఆదేశిస్తుంది. ఇచ్చేవాడు పురుషుడు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం సైతం మహర్‌ను కట్నం నిర్వచనం నుంచి మినహాయించి, కట్నం ఇవ్వడాన్నీ పుచ్చుకోవడాన్నీ నేరమన్నది. షరియత్తూ చట్టమూ ఒకే మాట చెబుతుంటే, మనం మహర్‌ను కాగితం మీద బాకీగా వదిలేసి, జహేజ్‌ను మాత్రం నగదుగా లెక్కపెట్టుకుంటున్నాం. మన హక్కుల కోసం కలెక్టరేటు ముందు ధర్నా చేసే మనమే, మన ఇంటి ఆడబిడ్డ హక్కును మన గుమ్మంలోనే కాజేస్తున్నాం.

“ఒక్కగానొక్క కూతురు, నలుగురూ ఏమనుకుంటారు?” అంటారు. ఆ నలుగురు భోంచేసి వెళ్లిపోతారు. కిస్తీ కట్టడానికి ఒక్కరూ రారు. హజ్రత్ అబ్దుర్ రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) పెళ్లి చేసుకున్నారని తెలిసినప్పుడు, ఒక్క గొర్రెతోనైనా వలీమా ఇవ్వమని దైవప్రవక్త (స) చెప్పారు. విందు వరుడి బాధ్యత, అదీ తాహతు మేరకు.

కనుక మా ప్రతిపాదనలు ఇవి. నికాహ్ అసర్ నమాజు తరువాత మస్జిదులోనే జరగాలి. ఖర్జూరం, చాయ్ చాలు. వధువు పక్షం విందు పెట్టరాదు. వలీమా ఖర్చు వరుడి ఒక నెల జీతం దాటరాదు. మహర్ అక్కడికక్కడే వధువు చేతికి అందాలి. షాదీ ముబారక్ సొమ్ము బిడ్డ పేరున బ్యాంకులో ఉండాలి. జోడా పైసలు పుచ్చుకున్న పెళ్లికి మస్జిద్ కమిటీ పెద్దలు, ఖాజీ సాబ్ హాజరు కారాదు.

ఈ చివరి షరతే కష్టమైనదని మాకు తెలుసు. కమిటీల్లో ఉన్నది మగపిల్లల తండ్రులే. అందుకే మొదట మన కొడుకుల పెళ్లిళ్లతోనే మొదలుపెడదాం. కూతురి పెళ్లి నిరాడంబరంగా చేస్తే పేదరికం అంటారు. కొడుకు పెళ్లి నిరాడంబరంగా చేస్తేనే అది ఈమాన్ అవుతుంది.